మావిస్ మీద పడ్డ సీసపు సైనికుల దొంగతనం

చక్కెరదుంపలు తవ్వేశాక సిరిల్ పొలంలో మట్టి కాలు పట్టుకుంటే వదలదు. అయినా లోహాలు పసిగట్టే యంత్రం భుజాన వేసుకుని ఏటా అక్కడికే పోతాను. ఏం దొరుకుతాయని? సీసా మూతలు, తూటా తొడుగులు, ట్రాక్టరు నట్లు. నిధుల సంగతి దేవుడెరుగు, ఈ నార్ఫోక్ జిల్లా నేల నాకిచ్చిందల్లా నడుంనొప్పి.

ఏది దొరికినా ముందు పొలం గలవాళ్ళకి చూపించాలి, మాకది పద్ధతి. అలా సిరిల్ వంటింటి బల్ల దగ్గర అతని అక్క మావిస్‌తో నాకు చనువు కలిగింది. ఆమెకి ఎనభై దాటాయి. అక్కాతమ్ముళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. తమ్ముడికి వండిపెడుతూ, అతని చొక్కాలు ఉతుకుతూ ఆ ఇంట్లోనే బతుకు వెళ్ళదీసింది. ప్రతి చలికాలం కూలికి టర్కీ కోళ్ళ ఈకలు పీకి పీకి వేళ్ళు వంకర్లు పోయాయి. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకుని కాసేపు ఆగుతుంది.

ఆమెకి ఊళ్ళో ఒక పేరుంది. దొంగ. యుద్ధంలో తండ్రి చనిపోయిన ఏడాది, చిన్న సిరిల్ ఆడుకునే సీసపు సైనికుల బొమ్మలు డబ్బాతో సహా మాయమయ్యాయి. మావిసే తీసిందని తల్లి తేల్చేసి, గరిటె తిరగేసి వీపు చిట్లగొట్టింది. పిల్ల ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు ఇంకో నాలుగు తగిలాయి. ఆ గొడవ అక్కడితో పోయేదే, సిరిల్ పోనిస్తేనా! కళ్ళజోడు కనబడకపోతే "మా అక్కనడగండి" అంటాడు. పబ్బులోనూ అదే వేళాకోళం, చర్చి గుమ్మంలోనూ అదే. వయసులో ఉండగా ఊరి కొట్లో గల్లా దగ్గర పని ఇస్తామన్నవాళ్ళు ఆ మాట చెవినపడి వెనక్కి తగ్గారు. అప్పటినుంచీ ఆమెది ఒకటే కోరిక. ఓసారి నాకు టీ పోస్తూ చెప్పింది.

"నేను తియ్యలేదని వాడు ఒక్కసారి వాడి నోటితో అంటే చాలు నాయనా. ఇంకేం అక్కర్లేదు నాకు."

మొన్న నవంబరులో, కూలిపోయిన కోళ్ళ కొట్టం చుట్టూ ఉన్న ముళ్ళపొదలు కొట్టించారు. అక్కడ తిప్పితే యంత్రం మెత్తగా మూలిగింది. పాత పైపు ముక్కేదో అయివుంటుందని విసుక్కుంటూనే తవ్వాను. తుప్పు తినేసిన బిస్కెట్ డబ్బా. అందులో సీసపు సైనికులు, సగం మందికి తలల్లేవు. అడుగున టోపీకి పెట్టుకునే ఇత్తడి బిళ్ళ, ఏదో పటాలం గుర్తు. అబద్ధమెందుకు, మావిస్ తలపుకొచ్చి, నడుంనొప్పి మరిచి సంతోషంగా వాళ్ళింటికి పరుగుతీశాను.

అన్నీ తెచ్చి బల్ల మీద పరిచాను. సిరిల్ ఒక బొమ్మని తీసి, దాని మెడలోని గుండుసూది తడిమాడు. ఊడిన తలని తనే అలా అతికించానని గుర్తుపట్టాడు. "చూశావా, తీసుకెళ్ళి పాతిపెట్టావన్నమాట" అని అక్క వైపు నవ్వాడు. ఆ తర్వాత బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

అది వాళ్ళ నాన్నది. పటాలం వాళ్ళు ఇంటికి పంపిస్తే తల్లి తాడుకి కట్టి మెడలో వేసుకుంది, పిల్లల్ని ముట్టుకోనిచ్చేది కాదు. సైనికుల బొమ్మలు పోయిన రోజుల్లోనే ఆమె మెడ బోసిగా కనబడింది. ఎక్కడో పడిపోయిందని చెప్పి, మళ్ళీ దాని ఊసెత్తలేదు.

సిరిల్ కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మే పాతిపెట్టింది. నాన్న పోయాక ఇంట్లో యుద్ధం ఆట చూడలేకపోయి ఉంటుంది" అన్నాడు. అక్క మొహంలోకి చూడలేక బల్లకేసి చూస్తూ, "నువ్వు తియ్యలేదక్కా" అన్నాడు.

ఇంతకాలం ఎదురుచూసిన మాట. మావిస్ మొహం వెలుగుతుందని చూశాను. వెలగలేదు.

"అంటే, నేను తియ్యలేదని తెలిసే కొట్టింది" అంది.

ఆమె బల్ల పట్టుకుని మెల్లగా లేచి, బొమ్మలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మ పేరు ఎక్కడా ఎత్తకు. నేనే తీశాను. ఇన్నేళ్ళూ అన్నావుగా, ఇక ముందూ అలాగే అను."