నీళ్లు దిగని మడి

పరీక్ష హాళ్లలో కాపలా కాసీ కాసీ నాకో గుణం అబ్బింది. మరీ మర్యాదగా కూర్చున్నవాణ్ణి చూస్తే ముందు వాడి చొక్కా చేతులు మడిచి చూడాలనిపిస్తుంది. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గానీ ఆ గుణం రిటైరవలేదు. అందుకే లేఅవుట్ వేస్తానంటూ పట్నం నుంచి ఒక పెద్దమనిషి కాజాల పెట్టెతో మా ఇంటికి వచ్చినప్పుడు, పెట్టె అందుకున్నాను గానీ కాజా నోట పెట్టలేదు. మా ఆయన రెండు తిన్నారు.

మా పేట వెనకున్న మడులన్నీ కొని, లారీలతో మట్టి తోలి మెరక చేసి, ఇళ్ల స్థలాలుగా అమ్ముతాడట. చుట్టూ ఉన్న రైతులు ఈ ఒక్క పంటా వేసుకుని ఇచ్చేస్తామన్నారు. రోడ్డు వారనున్న మా అరెకరం ఒక్కటే మిగిలింది. అది ఇస్తేనే లోపలికి దారి.

ఆ మడి మా అత్తగారి పేరున ఉంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ అదే మడిలో కూలికి ఊడ్పులు ఊడ్చారు. తర్వాత మా మామగారు బడి పంతులై, జీతంలో మిగుల్చుకుని, పట్టుబట్టి ఆ మడినే కొన్నారు. తను బతికుండగా అందులో వరి తప్ప ఇంకేదీ లేవకూడదని ఆవిడ మాట.

ఈ లేఅవుట్ మాటతో పేట రెండుగా చీలింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో ఇదే పంచాయితీ.

"సిమెంటు రోడ్డు ఏయిత్తామన్నారండీ. వానాకాలం నా మనవరాలు చెప్పులు చేత్తో పట్టుకుని కాలేజీకెళ్తంది. మీకేమండీ, మీది రోడ్డు పక్క ఇల్లు" అనేవారు పక్కింటి వదినగారు చర్చి పెద్దతో.

"రోడ్డు సరేనమ్మా. మడులు మెరక చేసేత్తే వాన నీళ్లెక్కడికెళ్తాయి? మన గుమ్మాల్లోకే కదా" అనేవారు చర్చి పెద్ద.

ఇద్దరి మాటా నిజమే. అయినా నాకు ఇద్దరి మీదా అనుమానమే. వదినగారి ఇంటికి ఉన్నట్టుండి కొత్త సున్నం ఎలా వచ్చింది? చర్చి పెద్ద గొంతు ఈ మధ్యే ఇంత ఎందుకు లేచింది? నాలాగే బడి మాస్టారుగా చేసిన మా ఆయన మాత్రం ఎవరేమన్నా "ఆయ్, ఆయ్" అని తలూపేవారు. అందరూ మాస్టారు తమ వైపే అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ సార్వా పంటకి నాట్లు పడీ పడగానే వానలు పట్టుకున్నాయి. పక్క మడుల్లో నీరు తెల్లారేసరికి దిగిపోయేది. మా మడిలో మాత్రం మోకాలి లోతున నిలిచిపోయింది. నాట్లు కుళ్లి వాసన మొదలైంది. అత్తగారు రోజూ గట్టు దాకా వెళ్లి చూసి వచ్చి, అన్నం సగంలో వదిలేసేవారు.

"పోనీ అమ్మేద్దామమ్మా. నీళ్లు దిగని మడెందుకు?" అన్నారు మా ఆయన ఎంతో మెత్తగా. ఆవిడ మొదటిసారి వద్దనలేదు. "చూద్దాంలే" అన్నారు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఇది ముమ్మాటికీ కాజాలవాడి పనే అని తీర్మానించుకున్నాను. ఆ ఆదివారం అతను చర్చి వసారాకే వచ్చి అందరికీ నచ్చజెబుతుంటే లేచి నిలబడ్డాను.

"మా మడి తూము ఎవరు మూయించేరండీ?"

"ఏ తూమండీ మేడంగారూ?"

"తెలీనట్టు అడక్కండి. ఊళ్లో నీళ్లన్నీ దిగుతుంటే మావే ఎందుకు దిగవు?"

"దేవుడి గుమ్మంలో నిలబడి చెప్తన్నానండీ, నాకేం తెలీదు. రండి, తీయించి చూద్దాం."

అంత ధైర్యంగా రమ్మన్నాడంటే ఇంకేదో ఉందనుకున్నాను. అందరం కదిలాం. వెనక అత్తగారు కర్ర పోటేసుకుంటూ వస్తున్నారు. చర్చి పెద్ద పంచె ఎగ్గట్టి మురుగు కాలువలోకి దిగి, గట్టు కింద సిమెంటు గొట్టంలో చెయ్యి పెట్టి లాగారు. గుర్రపుడెక్క వస్తుందనుకున్నాం. బురద కారుతూ బొంత వచ్చింది. అందరూ ఘొల్లున నవ్వారు.

పొలం పని తెలిసినవాడెవడూ తూములో బొంత కుక్కడు. కొబ్బరి డొక్కలు వేసి మట్టి కప్పుతాడు. "చూశారా, పట్నం వాళ్ల తెలివి!" అని కాజాలవాడి మీద విరుచుకుపడబోయాను. అంతలో బొంత మీద ఆకుపచ్చ అతుకు కనిపించింది.

మా అమ్మాయి పుట్టినప్పుడు అత్తగారు తన పాత చీరలతో కుట్టిన బొంత అది. ఆ అతుకు నేను వేసిందే, వంకర కుట్లతో. మొన్నటిదాకా మా కొట్టుగదిలో కొబ్బరికాయల మీద కప్పి ఉండేది.

మా ఆయన వైపు తిరిగాను. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. పేటలో అందరి చొక్కా చేతులూ మడిచి చూసినదాన్ని, నా ఇంట్లో చొక్కా చూడలేదు.

అత్తగారు చేరేలోపు బొంతని కాలువలోకి తోసేద్దామనుకున్నాను. ఆవిడ అప్పటికే వంగి చేత్తో తడుముతున్నారు. తడిమి, కొడుకు వైపు చూశారు.

"అమ్మాలనుంటే నన్నడగొచ్చు కదా నాన్నా."

"అడిగితే వద్దంటావనమ్మా."

"వద్దనే అంటాను."

"నీ తర్వాత దీన్ని చూసేదెవరమ్మా? నాకా చేతకాదు."

"నా తర్వాత సంగతి నా తర్వాత చూసుకోరా. నేనింకా ఉన్నాను."

ఇప్పుడెవరూ నవ్వలేదు. గొట్టంలోంచి నీళ్లు బుసబుసమంటూ కాలువలో పడుతున్నాయి. కాజాల పెద్దమనిషి "వత్తానండీ" అని కారెక్కాడు. నిజానికి అతనికి క్షమాపణ చెప్పాలి. చెప్పలేదు. బొంత మాదే గానీ, ఆ ఆలోచన ఎవరిదో నాకింకా అనుమానమే.

మడి అమ్మలేదు. కుళ్లినచోట మళ్లీ నాట్లు వేయించాం. బొంతని అత్తగారే ఉతికి దండెం మీద ఆరేశారు. కొడుకుని ఒక్క మాటా అనలేదు. కానీ వాన పట్టుకుంటే చాలు, "అమ్మాయ్, ఓసారి తూము చూసొత్తావా" అని నన్ను పిలుస్తున్నారు. ఆయన పక్కనే కుర్చీలో ఉన్నా సరే. ఆయన లేచి గొడుగు తెచ్చిస్తారు. నేను తీసుకుని వెళ్తాను.