కల్లుకుండలు దాచిన ఇల్లు

నేను సోషల్ వర్క్‌ పీజీలో చేరినప్పుడు మా అమ్మ గల్లీ మొత్తానికి చెప్పుకున్న మాట ఒకటే: "మా బిడ్డ పిల్లల్నిచ్చే ఆఫీసుల పని నేర్సుకుంటాంది." పిల్లల సంరక్షణ, వాళ్ల హక్కులు అని నేను ఎంత విడమరిచి చెప్పినా ఆమె చెవికి అంతకంటే ఎక్కలేదు. దాని ఫలితం వారం తిరగకముందే కనబడింది. సిద్దిపేటలో మేముండే గల్లీ చివర కిరాణా దుకాణం నడిపే ఆవిడ నాకు పెసరపప్పు పొట్లం కడుతూ, "మా మరదలికి ఒక పిల్లగాన్ని చూడరాదు బిడ్డా, జర తెల్లగుంటే మంచిది" అంది. పప్పు బేరం చేసే గొంతే అది. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండడం పెద్ద విశేషం కాదు, రోజూ జరిగేదే. "రంగు చూసి తెచ్చుకునేటందుకు గది చీరల దుకాణం గాదు అత్తా" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆమె మాకు గింజలతో నిండిన చింతపండే తూచి ఇచ్చింది.

మా బాపుది ఇంకో బాధ. "పెండ్లి గాని పిల్లకు పిల్లల చదువేందే?" అనేవాడు. "పశువుల డాక్టరు ఇంట్ల బర్లున్నయా బాపూ?" అని అడిగితే నవ్వు కనబడకుండా పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆ పెండ్లి లోటు కూడా తీర్చేద్దామని ఇద్దరూ కలిసి ఆ ఏడాది నాకు పెళ్లిచూపుల మీద పెళ్లిచూపులు పెట్టించారు. పక్కింటి నుంచి కుర్చీలు తేవడం, ఎదురింటి నుంచి పూల ట్రే తేవడం, నేను చేయని మైసూరుపాకును నేనే చేశానని మా అమ్మ చెప్పడం, నేను తల దించుకుని పళ్లు కొరుక్కోవడం. ఒక సంబంధం వాళ్లు నన్ను నడిచి చూపించమన్నారు. నేను నడిచి సీదా బయటికి పోయాను.

చదువులో భాగంగా ఫీల్డ్ వర్క్ అని ఉంటుంది. వారంలో కొన్ని రోజులు జిల్లాలో పిల్లల కోసం పనిచేసే ఆఫీసులో ఒక అనుభవం ఉన్న మనిషి వెంట తిరగాలి. నాకు దొరికిన మేడమ్ పొట్టిగా, నేత చీరలో, ఎండైనా వానైనా గొడుగుతో ఉండేది. గొంతు పెంచగా ఎవ్వరూ వినలేదు, అందుకే ఆఫీసు మొత్తానికి ఆమె అంటే భయం. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "ఈ పనిల అడుగుడు తక్కువ, వినుడు ఎక్కువ. నీ మొఖం చూస్తే నీకు రెండోది వచ్చేటట్టు లేదు" అంది. ఇంకో నియమం కూడా చెప్పింది. పని మీద ఎవరింటికి పోయినా నీళ్లు తాగొచ్చు, చాయ్ తాగొచ్చు, అంతకు మించి ఏదీ ముట్టొద్దు. తిండి తిన్న నోటితో ఆ ఇంటి గురించి ఉన్నదున్నట్టు రాయడం కష్టమట.

ఆ మేడమ్ వెంట నేను చూసిన మొదటి ఇల్లు కోహెడ పోయే దారిలో ఒక ఊర్లో ఉంది. మొగుడు, పెళ్లాం, మొగుడి తల్లి. పెండ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. హైదరాబాదు దవాఖానలు తిరిగారు, మొక్కవలసిన దేవుళ్లకు మొక్కారు, చివరికి ఒక పాపను దత్తత కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. పాపను ఇచ్చే ముందు ఎవరైనా పోయి ఆ ఇల్లు చూడాలి, ఆ మనుషులతో కూర్చుని మాట్లాడాలి, ఇక్కడ ఒక బిడ్డ బతకగలదా లేదా అని రిపోర్టు రాయాలి. మా రిపోర్టు బాగుంటే పాప వస్తుంది. లేకుంటే రాదు. దరఖాస్తులో ఆయన పని దగ్గర 'బిజినెస్' అని ఉంది.

బస్సులో మేడమ్ ఒకటే చెప్పింది: "నువ్వు చూడు. మాట్లాడకు."

గడప దాటగానే నాకు అర్థమైపోయింది. ఇది పెళ్లిచూపుల ఇల్లు! నాలుగు కుర్చీలు నాలుగు రంగులు, అంటే నాలుగిండ్లవి. మంచం మీద మడతలు కూడా విప్పీ విప్పని కొత్త దుప్పటి, అంచులు నేలను తాకుతున్నాయి. ట్రేలో మైసూరుపాకు. జీవితంలో మొదటిసారి నేను అవతలి కుర్చీలో కూర్చున్నాను, అబద్ధమెందుకు, చాలా సంతోషమనిపించింది. ఆ ఇంటి కోడలిని నడిచి చూపించమందామా అన్నంత పొగరొచ్చింది. ఆమె చూస్తే చీర కొంగు వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్లీ చుట్టుకుంటోంది. ఆ వేళ్లు చూశాక నా పొగరు సగం దిగింది.

గోడ పొడుగునా చాప మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. గల్లీలోని పిల్లలంతా ఉన్నట్టున్నారు. అందరికీ తలకు నూనె, మొఖానికి పౌడరు. పిల్లలంటే ఈ ఇంట్లో ఎంత ప్రేమో మాకు తెలియాలని తెచ్చి కూర్చోబెట్టారు. "వీళ్లంత దినాం మా ఇంట్లనే ఆడుకుంటరు మేడమ్" అన్నాడాయన. వరసలో ముందున్న పిల్ల చెయ్యెత్తి, "ఇంకెంతసేపు కూసోవాలె? చిప్స్ పాకెట్ ఎప్పుడిస్తరు?" అని అడిగింది.

ఇల్లంతా ఊదుబత్తుల పొగ. ఒకటీ రెండూ కాదు, కట్టకు కట్ట ముట్టించినట్టున్నారు. ఆ పొగ వెనక వంటింట్లోంచి నాటుకోడి కూర వాసన. నియమం తలచుకుని నీళ్లు తాగాను. ఈ రెండింటి వెనక ఇంకేదో పుల్లటి వాసన, తెలిసిన వాసనే, పేరు తట్టలేదు.

మేడమ్ మంచం మీద కూర్చుంది. "ఏం బిజినెస్ చేస్తరు?" అని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "లిక్విడ్ బిజినెస్ మేడమ్."

"అంటే?"

"అంటే... డైలీ ఉంటది మేడమ్. పొద్దుగాల, సాయంత్రం."

అప్పుడే వాకిట్లోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "ఏం అల్లుడా, పొద్దు మీదికొచ్చింది, ఇయ్యాల చెట్టెక్కలేదా? నా సీసా ఏది?" ఇంటాయన మొఖంలో నెత్తురు లేదు. ఆయన తల్లి లేచి గుమ్మం దగ్గరకు పోయి, "ఏం చెట్టు? ఎవని చెట్టు? మాకు చెట్లే లెవ్వు. పో" అని గదిమింది. ముసలాయన గాభరా పడ్డాడు. "గదేందక్కా, నీ మొగడు సుత ఎక్కిండు గదా చెట్టు! ఇంట్ల అందరికి మంచిగున్నదా?"

నేను తల దించుకున్నాను, నవ్వు కనబడకుండా. అట్లా దించుకోవడం వల్లే కనబడింది. దుప్పటి అంచు కిందనుంచి తెల్లటి నురగ మెల్లగా బయటికొస్తోంది. ఎండకు కల్లు పొంగుతుంది. మూతికి గుడ్డ కట్టి మంచం కిందికి తోసినా పొంగుతుంది. నురగ వచ్చి వచ్చి మేడమ్ చెప్పుల దగ్గర ఆగింది, దాని వెంబడి ఈగలు. మేడమ్ కాళ్లు కొంచెం పక్కకు జరుపుకుని, ఏమీ జరగనట్టే అడిగింది: "తాటిచెట్లు ఎక్కుతరా?"

"ఎక్కుత మేడమ్" అన్నాడాయన నేల చూస్తూ. "మా తాత ఎక్కిండు, మా నాయిన ఎక్కిండు. నాకు ఇంకో పని రాదు."

భార్య ఏడుపు మొదలుపెట్టింది. "కల్లు ఇంటికి పిల్లనియ్యరన్నరు మేడమ్. అందరు గదే అన్నరు. మోకు అటక మీదికి ఎక్కించినం, కుండలు గీడ పెట్టినం. మీరు జల్దిన పోతరనుకున్నం."

"ఎవరేమన్నా మోకు అటక మీద పెట్టకు, రేపు చెట్టెక్కెటప్పుడు పాతదేదో కట్టుకుంటవు" అంది మేడమ్ ఆయనతో. నడుముకు కట్టుకుని చెట్టెక్కే ఆ తాడు మీదే కదా వాళ్ల బతుకు. తర్వాత మామూలుగా అడగవలసినవన్నీ అడిగింది. చెట్టు మీదినుంచి పడితే ఇల్లెట్ల గడుస్తుంది, పాపను ఎవరు చూసుకుంటారు, మీరు తాగుతారా? "అమ్మెటోనికి తాగే తీరిక యాడిది మేడమ్" అన్నాడాయన. ముసలమ్మ మాత్రం ముందుకు జరిగి, నా వైపు వేలు చూపించి, "నేను తాగుత. రాత్రి ఒక గిలాస. లేకుంటే కండ్లు మూతపడయి. రాసుకో బిడ్డా" అంది. ఆ ఇంట్లో భయం లేకుండా చెప్పిన మొదటి నిజం అదే, రాసుకున్నాను.

నురగ బయటపడ్డాక అందరూ కొంచెం తేలికపడ్డారు. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు మేడమ్ ఆఖరి ప్రశ్న అడిగింది: "పాప పెద్దగైనంక, దత్తత తెచ్చుకున్నమని చెప్తరా?"

"చెప్పం మేడమ్!" కళ్లు తుడుచుకుని భార్య గట్టిగా అంది. ఈ ఒక్క ప్రశ్నకైనా సరైన జవాబు తెలుసని ఆమె ధైర్యం. "సచ్చినా చెప్పం. నా కడుపుల పుట్టిందనే చెప్త. ఊర్ల గూడ అందరికి చెప్పి పెట్టినం, ఒక్కరు నోరిప్పరు."

చాప మీది పిల్లలంతా ఒక్కసారి తలలూపి, బళ్లో పద్యం చెప్పినట్టు అరిచారు: "మేం ఎవ్వలకు చెప్పం!"

నేను ఉండబట్టలేకపోయాను. మేడమ్ మాట మరిచిపోయాను, చదువు మరిచిపోయాను. "రెండు కల్లుకుండలు మంచం కింద గంటసేపు దాచలేకపోయిన్రు, ఇంత పెద్ద ముచ్చట జన్మంత దాస్తరా?" అనేశాను.

మేడమ్ నా వైపు చూసిన చూపుకు నేను కూడా మంచం కిందికి పోదామా అనుకున్నాను. ముందు ముసలమ్మ నవ్వింది. బోసినోటితో, కడుపు పట్టుకుని. ఆమెను చూసి కొడుకు, వాళ్లను చూసి పిల్లలు, వాకిట్లో ఇంకా పోకుండా నిలబడ్డ ముసలాయన కూడా నవ్వాడు. భార్య ఒక్కతే నవ్వలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, చాలా చిన్న గొంతుతో అడిగింది: "చెప్తే నన్ను అవ్వా అని పిలుస్తదా మేడమ్?"

ఇంత కంగారు, ఇన్ని కుర్చీలు, ఇంత పౌడరు, అన్నీ అమ్మను పిలిచే ఈ ఒక్క మాట కోసమే.

మేడమ్ మంచం మీద జరిగి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు చెప్తే నీ నోటెంట ఇంటది. నువ్వు చెప్పకపోతే బోరింగు కాడ ఎవరో అంటే ఇంటది. ఇగ నువ్వే చూసుకో, ఏది మంచిదో" అంది. ఆమె మొగుడి వైపు చూసింది. "ఎట్ల చెప్పాలె మరి?" అని అడిగాడు ఆయన. "ఎట్లనో ఏముంది? కోరి తెచ్చుకున్నమని చెప్పుర్రి. ఉన్నదే గదా" అంది మేడమ్.

తిరుగు బస్సులో మేడమ్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నా నోటిదురుసు వల్ల వాళ్లకు పాప రాకుండా పోతుందా అని నాకు చెమటలు పట్టాయి. కోడి కూర కూడా గుర్తు రాలేదంటే చూడండి. పాత బస్టాండు దగ్గర దిగుతూ మేడమ్ అంది: "నిన్ను నోరు మూసుకొమ్మన్న. మూసుకోలే. తప్పు." గొడుగు విప్పుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "తప్పు మాట గాదు, తప్పు టైముకన్నవు" అంది. అది తిట్టో మెప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

రిపోర్టులో కల్లు సంగతి ఉన్నదున్నట్టే పోయింది. ముసలమ్మ గిలాస కూడా పోయింది. కల్లు గీయడం పనే కదా, దొంగతనమా? ఆ తర్వాత వాళ్లకు ఏ కబురూ లేని రోజులు చాలా గడిచాయి. ఆయన ఆఫీసుకు వచ్చినప్పుడల్లా నాకు భయం వేసేది. ఏమీ అడగడు, బెంచీ మీద కాసేపు కూర్చుని, "పోయొస్త మరి" అని పోతాడు. చివరికి నా పరీక్షలు అయిపోయి, అదే ఆఫీసులో నేను కాంట్రాక్టు మీద చేరేటప్పటికి, వాళ్లింటికి ఒక పాప వచ్చింది. నాలుగేళ్లు నిండని పిల్ల.

పాప వచ్చాక కూడా ఇల్లు చూసి వస్తుండాలి, పిల్ల బాగుందా అని. ఈసారి మేడమ్, "ఒక్కదానివే పో. నియమాలు యాదికున్నయి గదా" అంది.

ఇంట్లో ఏ రంగు కుర్చీ లేదు. మోకు గోడకు వేలాడుతోంది, కుండలు వాకిట్లోనే ఉన్నాయి, ముసలాయన సీసా పట్టుకుని అరుగు మీద ఉన్నాడు. భార్య వంటింట్లోంచి, "వస్తున్న మేడమ్" అని కేకేసింది. నన్ను మేడమ్ అనడం అదే మొదలు. మంచం మీద ఒక పిల్ల బిస్కెట్ పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది, పెళ్లిచూపుల వాళ్లు కూడా నన్ను అట్లా చూడలేదు.

"నన్ను మా అవ్వ, నాయిన కోరి తెచ్చుకున్నరు" అని చెప్పింది, నేను అడగకముందే. "బస్సుల. కిటికీ కాడ కూసున్న. ముందుగాల ఇల్లు చూడనీకి మేడమ్‌లొచ్చిన్రు. ఎవ్వలకు పడితె వాళ్లకియ్యరు నన్ను."

"అవును, ఇయ్యరు" అన్నాను.

"నిన్నెవరు తెచ్చుకున్నరు?"

ఇట్లాంటి ప్రశ్న మా సిలబస్‌లో లేదు. "నన్నెవరు తెచ్చుకోలేదు బిడ్డా. నేను మా అమ్మకు పుట్టిన" అన్నాను.

పిల్ల మొఖం మారిపోయింది. "ఉత్తగనే పుట్టినవా? ఇల్లు చూడనీకి ఎవ్వలు రాలేదా?"

"రాలేదు."

వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. పిల్ల మంచం దిగి వచ్చి, నా మోకాలు మీద చెయ్యి వేసింది. "ఏం గాదు తియ్" అని, పొట్లంలోంచి ఒక బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టింది.

మేడమ్ నియమం ప్రకారం తినకూడదు. తిన్నాను.