ప్లేటు మీద పోసిన వేడినీళ్లు

అరచేతిలో సగం కూడా లేని ప్లాస్టిక్ ముక్క. తూకం వేస్తే కరివేపాకు రెబ్బంత ఉంటుందేమో. దాన్నే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోసీ మోసీ విసుగొచ్చింది. లోకంలో ఎంతమంది ఎంతెంత పెద్ద తప్పులు చేసి హాయిగా తిని తిరగడం లేదు? నాకేమో ఈ ముక్క గుర్తొస్తే అన్నం ముద్ద గొంతు దిగదు. ఎవరికో ఒకరికి చెప్పాలి. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే మాత్రం అక్కడ నా మాట నమ్మకండి.

మాది జనగామ. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరి సంసారాలు. నేను పెద్ద కోడలిని. చిన్న కోడలు, అంటే మా యారాలు, పేరు మార్చి చెప్తున్నాను, సుజాత అనుకోండి. ఆమె బస్సు కండక్టర్. మా మరిదికి భూపాలపల్లి బొగ్గు గనిలో పని, సెలవు దొరికినప్పుడు వచ్చిపోతాడు. సుజాత పొద్దున్నే చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని తొర్రూరు బస్సుకు పోయేది. ఇంట్లో నేను. వంట, అంట్లు, బట్టలు, మా అత్త. అత్తను పనుల్లో ఎందుకు కలిపానని అడుగుతారేమో. ఆమెతో ఒక పూట గడిపి ఉంటే అడిగేవారు కాదు.

సుజాతకు దవడ నొప్పి ఉండేది. చెవి ముందర, ఆ కీలు దగ్గర. నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు, పక్కన కూర్చున్న మనకు కూడా వినిపించేది. కొన్ని పొద్దుల్లో బ్రష్షు పట్టేంత కూడా నోరు తెరుచుకునేది కాదు. బస్సులో చిల్లర గొడవలు, సీటు గొడవలు, కాలు పెట్టే సందు లేని జనం. ఎవరినీ ఒక మాట అనకూడదు కదా, కోపమంతా పళ్ల మధ్య నొక్కిపెట్టుకుని ఇంటికి వచ్చేది. నిద్రలో ఆ పళ్లే పటపటా కొరికేది. హన్మకొండలో ఒక పళ్ల డాక్టర్ చూసి, నోటి అచ్చు తీసుకుని, పై పళ్లకు సరిగ్గా కూర్చునే ఒక ప్లేటు చేయించి ఇచ్చాడు. గాజులా అవతలివైపు కనిపించేంత తేటగా ఉండేది. పడుకునేటప్పుడు పెట్టుకోవాలి. పళ్లు పళ్లు ఒరుసుకోకుండా, కీలు మీద బరువు పడకుండా కాపాడుతుందట.

నేను నమ్మలేదు. కానీ పని చేసింది. కొన్నాళ్లకు ఆ టక్కు చప్పుడు తగ్గింది. ఒక సాయంత్రం సుజాత గడప మీద కూర్చుని మక్కకంకి కొరుక్కుని తిన్నది. ఎన్నో ఏళ్ల తర్వాత అట! తింటూ నన్ను పిలిచి మరీ చూపించింది. నేనూ నవ్వాను. అప్పుడు నిజంగానే సంతోషించాను, ఇది మాత్రం నమ్మండి.

ఆ ప్లేటును పొద్దున్నే కడిగి డబ్బాలో పెట్టాలి. డ్యూటీకి పరుగెత్తే హడావిడిలో సుజాతకు కుదిరేది కాదు. నేనే కడుగుతాలే అన్నాను. మంచిదాన్ని అనిపించుకోవాలన్న ఉబలాటం, ఇంకేముంది? ఆమె ఒకటే చెప్పింది.

"అక్కా, సల్లనీళ్లతోనే కడుగు. వేడినీళ్లు తాకితే వంకరైతదట. డాక్టర్ మరీ మరీ చెప్పిండు."

విన్నాను. మరిచిపోయే మాట కాదు. మరిచిపోయానని చెప్పుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

మా ఇంట్లో కుళాయి ఉన్నది వంటింట్లోనే. ఆ డబ్బా కుళాయి పక్కన కిటికీలో ఉండేది. అత్తకు అది కంట్లో నలుసు. నోట్లోంచి తీసినది ఎంగిలి, ఎంగిలి వస్తువుకు వంటింట్లో ఏం పని? ఈ ప్రశ్న ఆమె సుజాతను ఒక్కనాడూ అడగలేదు. జీతం తెచ్చే కోడలిని ఎవరైనా అడుగుతారా? రోజూ నన్నే అడిగేది. టీ పెట్టినా అదే, పప్పు కడిగినా అదే. డబ్బా బయట పెడితే పిల్లి ఎత్తుకుపోతుందన్నాను. పోతే పోనీ అన్నది. తల ప్రాణం తోకకు వచ్చేది.

సద్దుల బతుకమ్మ నాడు సుజాతకు డ్యూటీ పడింది. మలీద, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, అన్నీ నేనొక్కదాన్నే చేస్తున్నాను. పూలు తెచ్చి గుమ్మరించి మా ఆయన ఎటో పోయాడు. అత్త వంటింట్లోకి వచ్చింది. నువ్వుల సద్ది గిన్నె కిటికీ కింద ఉంది, పైన ఆ డబ్బా. ఇక చూడండి. దేవుని సద్దుల మీద ఎంగిలి డబ్బానా, ఈ ఇంట్లో ఆచారం లేదు, అడిగే దిక్కు లేదు, నేను చచ్చాక మీ ఇష్టమని అందుకుంది. ఆపలేదు. పొయ్యి మీద నీళ్లు సలసలా తెర్లుతున్నాయి. నేను ప్లేటు తీసి స్టీలు గిన్నెలో వేశాను. తెర్లే నీళ్లు తీసి దాని మీద పోశాను. ఇప్పుడు ఎంగిలి పోయిందా, సాఫైందా అని అత్త మొహం మీదే అడిగాను.

అత్త మీద కోపమా? సుజాత మీద అసూయా? ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి అడుగుతున్నాను. ఆమె చెడిపోవాలని నేను అనుకోలేదు. కానీ ఆ గిన్నెలో నీళ్లు పోస్తున్నప్పుడు, సల్లనీళ్లతోనే అన్న ఆమె మాట నా చెవుల్లో ఉంది. ఉండగానే పోశాను. నా ఒళ్లు మండుతోంది, ఎక్కడో ఒక చోట పోయాలి. అత్త మీద పోయలేను, మా ఆయన మీద పోయలేను. ఎదురు తిరగని వస్తువు అదొక్కటే దొరికింది. ఇంతకంటే మర్యాదైన కారణం నాకు దొరకలేదు.

తీసేసరికి మెత్తబడింది. ఒక కొస లోపలికి ముడుచుకుంది. బొటనవేలితో నొక్కి, కుళాయి కింద పట్టి, మళ్లీ నొక్కాను. గట్టిపడ్డాక చూస్తే మునుపటిలాగే ఉంది. నా కళ్లకు అలాగే కనిపించింది. డబ్బాలో పెట్టి, సద్దులు తీసుకుని బతుకమ్మ ఆడటానికి పోయాను. ఆడాను కూడా!

మర్నాడు పొద్దున సుజాత చెంప పట్టుకుని వచ్చింది. ఒక దిక్కు గట్టిగా ఒత్తుకుంటున్నదని చెప్పింది. నేను మిక్సీ ఆన్ చేశాను. చట్నీ అప్పటికే నలిగింది, అయినా తిప్పుతూనే ఉన్నాను. నాలుగు రోజులు పెట్టుకుంటే సర్దుకుంటుందని ఆమె అలాగే వాడింది. సర్దుకోలేదు. నొప్పి రెండో పక్కకు కూడా పాకింది. చివరికి హన్మకొండ పోయి డాక్టర్‌కు చూపించుకుని వచ్చింది. వచ్చీ రాగానే బ్యాగు మంచం మీద విసిరికొట్టింది.

"అక్కా, గా డాక్టర్‌కు ఏం రోగమో! ప్లేటును వేడినీళ్లల్ల ఏసినవా అని అడుగుతడు. లేదన్న. అబద్ధం ఆడుతున్ననన్నట్టు సూసిండు."

"నువ్వేమన్నవ్?"

"మా అక్క కడుగుతది, ఆమె అట్ల జేయది అన్న. లేచి వచ్చిన. ఇగ ఆయన మొఖం సూడ."

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉందా? తలుపు నా ముందే బార్లా తెరిచి ఉంది. ఆమె నన్ను నమ్మి ఒక డాక్టర్‌తో కొట్లాడి వచ్చింది. నేనేమన్నానో తెలుసా?

"డాక్టర్లంత గంతే తియ్. వాళ్ల తప్పు మన మీదికి నూకుతరు."

నీళ్లు పోయడం కోపంలో జరిగింది. ఈ మాట కోపంలో రాలేదు. నిదానంగా, ఆమె చేతికి మంచినీళ్ల గ్లాసు ఇస్తూ అన్నాను. నన్ను తినేస్తున్నది ఈ మాటే.

ప్లేటు మూలన పడింది. టక్కు చప్పుడు తిరిగొచ్చింది. ఒకసారి రఘునాథపల్లి దగ్గర నిండు బస్సులో ఆవలిస్తుంటే ఆమె నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయిందట. జనం చూస్తుండగా, చేతులతో దవడ పట్టుకుని, కళ్ల నీళ్లతో దిగిపోయింది. ఆ తర్వాత అడిగి డిపోలో కూర్చునే పని వేయించుకుంది. ఆమెకు బస్సు అంటే ప్రాణం. రొట్టెను పాలలో నానబెట్టుకుని తింటుంది. మక్కల కాలం వస్తే నేను కంకులు ఇంటికి తేనే తేను. ఎందుకు తేవు అని ఎవరూ అడగరు, అడిగితే బాగుండు అనుకుంటాను.

అత్త పోయింది. నింద వేయడానికి ఆమె కూడా లేదు ఇప్పుడు.

ఇన్నాళ్లూ నోరు కుట్టుకుని ఉన్నదాన్ని, ఇలాగే పోయేదాన్ని. కానీ నా బిడ్డకు కూడా అదే మొదలైంది. మహబూబాబాద్‌లో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతోంది. పరీక్షల బెంగతో నిద్రలో పళ్లు కొరుకుతోందట, దవడ పట్టేస్తోందట. అక్కడి డాక్టర్ ప్లేటు పెట్టుకోమన్నాడు. సెలవులకు ఇంటికి వచ్చి చెప్తే, సుజాత దాని తల నిమిరి అన్నది.

"వద్దు బిడ్డా. గా ప్లేట్లు ఉత్తయే. నా దవడ దానితోనే ఖరాబైంది. నువ్వన్న నా మాటిను."

దానికి నా మాట కంటే చిన్నమ్మ మాట ఎక్కువ. సరేనని తలూపింది. నాకు ఒళ్లు తెలియని చిరాకు వచ్చింది. ఎవరి మీద? ప్రేమతో చెప్తున్న సుజాత మీదా? వింటున్న పిల్ల మీదా? ఇంకా నోరు మూసుకుని కూర్చుంటే నాకంటే కసాయిది ఎవరుంటారు?

"ప్లేటుది ఏం తప్పు లేదు సుజాతా," అన్నాను. "నేనే దాని మీద తెర్లే నీళ్లు పోసిన."

ఆమె నా బిడ్డ తల మీది చెయ్యి తీసింది.

"డాక్టర్ అడిగిండని నేనొచ్చి చెప్పిననాడు... నీకు ఎర్కనేనా?"

"ఎర్కనే."

ఏదో అనబోయి నోరు తెరిచింది. దవడ టక్కుమంది. మళ్లీ మూసుకుని లోపలికి పోయింది.

మొఖం చూడనన్న ఆ డాక్టర్ దగ్గరికే నా బిడ్డను తనే తీసుకుపోయింది. నన్ను రమ్మనలేదు. ఆయనకు తన దవడ కూడా చూపించుకుందట. కొత్త ప్లేటు చేస్తాను గానీ ఎంతవరకు బాగవుతుందో చెప్పలేనన్నాడట. ఇది నా బిడ్డ చెప్తే తెలిసింది, అదీ ముభావంగానే. సుజాత నాతో మాట్లాడటం లేదు.

పిల్ల ప్లేటు వచ్చిన రోజు నేను అంట్లు తోముతున్నాను. సుజాత వంటింట్లోకి వచ్చి, కొత్త డబ్బాను అదే కిటికీలో, అదే చోట పెట్టింది. నా వైపు చూడలేదు. గడపలో నిలబడ్డ నా బిడ్డతో, నాకు వినబడేలాగే అన్నది.

"నువ్వే కడుక్కో బిడ్డా. సల్లనీళ్లతోనే. మీ అమ్మను ముట్టుకోనియ్యకు."

నా బిడ్డ ముందు ఆ మాట పడ్డాను. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనలేను. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో నా గురించి ఎవరైనా ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని అన్నం పెట్టుకున్నాను. ముద్ద దిగింది.