బావి ఊపిరి వదిలిన ఉదయం

మొన్న కుప్పంలో మా వీధి చివర బోరు బండి చప్పుడు మొదలవగానే, చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి, ఇంటి ఓనరు నీళ్ళ తొట్టిలోకి తొంగి చూశాను. ఆయన నన్ను వింతగా చూశారు. ఆ చప్పుడు వింటే నాకు సదుం దగ్గరి మా మేనత్త ఇంటి బావి గుర్తొస్తుంది.

నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం అత్త ఫోన్ చేసింది. "అప్పా, బాయిలో నీళ్ళు లేవు. నిన్న మాపిటేల రెండు నిలువులుండె. ఇప్పుడు అడుగు కనపడతాండాది." అత్త బతుకంతా మూడు పాడి ఆవులు. ఆ బావి తప్ప వాటికి వేరే నీళ్ళు లేవు. సాయంత్రానికి ఊట రాకపోతే వాటిని వి.కోటలోని కూతురింటికి పంపేయాల్సిందే. నేను అప్పుడు మదనపల్లెలో ఉండేవాణ్ణి. బండి మీద వస్తూ మోటారులో ఏం చెడి ఉంటుందో దారిలోనే జాబితా వేసుకున్నాను: కరెంటు, స్టార్టరు, ఫుట్‌వాల్వు, పైపు. వచ్చీ రాగానే స్టార్టరు డబ్బా విప్పుతుంటే అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాయిలోనే నీళ్ళు లేవంటే డబ్బా ఇప్పుతాండావేందప్పా? ఇంజినీరువే గదా, తొంగి సూడు."

మెట్లు దిగాను. ఎప్పుడూ నీళ్ళలో ఉండే చివరి మెట్లు నాచుతో మెరుస్తున్నాయి. కప్పలు కూడా అరవడం లేదు. ఊట కోసం బావి గోడలోకి ఎప్పుడో అడ్డంగా తొలిపించిన అడ్డబోరు మునుపు నీళ్ళ కిందే ఉండేది. ఇప్పుడు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు నిలబడగానే నా ముఖానికి చల్లటి గాలి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. జేబులోని కాగితం చించి అడ్డం పెట్టాను. కాగితం ముందుకు ఎగిరింది, వాలింది, మళ్ళీ ఎగిరింది. నా జాబితాలో దీనికి గడి లేదు.

పైనుంచి అత్త గొంతు తగ్గించి అంది: "గంగమ్మ పోతాండాది. పలకబాకు." ఆమె చల్లిన పసుపు నా భుజాల మీద పడింది. ఏం చేయాలో తోచక వాచీ చూసి ఆ ఊపిరిని లెక్కపెట్టాను. అప్పుడు తెలిసింది: ఎక్కడో దూరంగా ఇంజను మోగినప్పుడు గాలి వస్తోంది, ఇంజను ఆగితే అదీ ఆగుతోంది.

పైకొచ్చి చూస్తే టమాటా తోట అవతల బూడిదరంగు రాతిపొడి లేస్తోంది. పక్క చేను రైతు నిన్నటి నుంచి బోరు వేయిస్తున్నాడట. బోరులోకి బండి కొట్టే గాలే బండ చీలిక వెంట అక్కణ్ణుంచి ఇక్కడికి వస్తోంది. మా నీళ్ళు అదే దారిలో అక్కడికి పోయాయి. ఆ చోటు నాకు తెలుసు. అంతకు నెల ముందు ఆ రైతు చేనులోనే, అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని నడుస్తూ నీళ్ళ జాడ చెప్పే పెద్దాయన తూర్పు మూల చూపిస్తే, నేను నవ్వి, భూమిలో నీళ్ళు పసిగట్టే మీటరు పట్టుకుని బండ చీలిక వెంట నడిచి, బోరుకు ఇంకోచోట సున్నంతో గుర్తు పెట్టాను. చీలిక రెండో కొస ఎక్కడ తేలుతుందో చూడలేదు.

అత్తకు చెప్పాను. బావిలోకి చూస్తూనే అంది: "నువ్వు సూపిచ్చిన కాడ నీళ్ళు పడినాయి గదప్పా. నీ సదువు గెట్టిదే." అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పైపు వేసి నీళ్ళిస్తానని ఆ రైతు వచ్చాడు. "మా నీళ్ళు మేము అడుక్కోవల్లనా?" అని అత్త లోపలికి వెళ్ళిపోయింది. పొద్దు వాలకముందే ఆవులు ట్రాలీ ఎక్కాయి. తాడు పట్టుకుని ఎక్కించింది నేనే.

ఎన్ని తరాల వానలు ఇంకితే ఆ బండ సందులో అన్ని నీళ్ళు చేరాయో నేను లెక్క కట్టలేను. అవి దారి మార్చుకోవడానికి మాత్రం ఒక్క రాత్రి చాలింది.