ఎదురు సీటు హీరో

ఆ రోజుల్లో ప్రేమ గురించి నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. జనం బస్టాండుల్లోనూ, ఆస్పత్రి బెంచీల మీదా తల వంచుకుని ఫోన్లో సీరియళ్ళు చదవడం మరిగిన కాలమే.) నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చినప్పుడు గని కంపెనీ ఇచ్చిన లైను ఇంట్లోనే, గనులు మూతపడి ఎన్నో ఏళ్ళయినా, మేమింకా ఉండేవాళ్ళం. కె.జి.యఫ్.లో సగం మందిలాగే నేనూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, ఒక గోడౌనులో బిల్లులు టైపు చేసి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేదాన్ని. బడిలో హాజరు పిలిస్తే నోరు తెరవడానికి సిగ్గుపడి చెయ్యెత్తి ఊరుకున్న మనిషిని. పరాయి మగవాడితో నేను మాట్లాడిన అతి పొడుగైన వాక్యం, "ఒక మంత్లీ పాస్ ఇవ్వండి" అన్నదే. అలాంటి నేను ఆదివారాలు వంటింటి గడప మీద కూర్చుని, ఒక కలం పేరు చాటున, ఫోన్లో ప్రేమ సీరియల్ రాసేదాన్ని. దాని పేరు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి కాబట్టి ఇక్కడ చెప్పను. హీరో అభిరాం, కాఫీ ఎస్టేటు యజమాని. హీరోయిన్ వెన్నెల, నా అన్నవాళ్ళు లేని పిల్ల. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నంత సేపూ నేను తెగించిపోయేదాన్ని. మరీ దగ్గరికి జరిగినప్పుడు మాత్రం నాకే భయమేసి, ఎస్టేటులో కరెంటు తీసేసేదాన్ని.

ఆ సీరియల్‌కు పాఠకులున్నారని తెలుసు. వాళ్ళు ఒకచోట చేరతారని మాత్రం కలలో కూడా అనుకోలేదు. బంగారుపేట బజారులో బియ్యం అంగడి నడిపే ఒకావిడ (పాఠకులందరూ ఆమెను ప్రెసిడెంటమ్మ అనేవారు) నా నంబరు ఎక్కడ పట్టిందో గానీ నాకు ఫోన్ చేసి, ప్రేమకథలు చదివే ఆడవాళ్ళమంతా ఆదివారం సమ్మేళనం పెట్టుకున్నామనీ, నేను ముఖ్య అతిథిననీ చెప్పింది. నేను రానన్నాను. అంటే, అన్నాననే అనుకున్నాను. ఆమెకు వినబడినట్టు లేదు. "నువ్వేమీ మాట్లాడే పని లేదమ్మా. సుమ్నే, ఊరికే వచ్చి పీట మీద కూర్చో. పెండ్లిలో పెండ్లికూతురు మాట్లాడుతాదా?" అంది. ఆ ధైర్యంతో ఒప్పుకున్నాను. ఒక చిన్న గది, పదిమంది ఆడవాళ్ళు, టీ, బిస్కట్లు అని ఊహించుకున్నాను. ఇంట్లో ఆఫీసు ఫంక్షన్ అని చెప్పి, ఉన్నవాటిలో మంచి చుడీదారు వేసుకుని బయల్దేరాను.

తీరా చూస్తే అది కల్యాణ మంటపం. గేటుకు అరటి కంబాలు కట్టారు. వాటి పక్కన ఇద్దరు మనుషుల ఎత్తు ఫ్లెక్సులో ఎవరో గడ్డం అబ్బాయి కాఫీ తోటలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద "మా అభిరాం" అని రాసి, ఫ్లెక్సుకు మల్లెపూల దండ వేశారు. (దండ చూసి, నేనింకా రాయని భాగంలో పోయాడేమోనని ఒక్క క్షణం కంగారుపడ్డాను.) లోపలికి పోతే హాలు నిండా ఆడవాళ్ళు. మాలూరు నుంచి, కోలారు నుంచి, ముళబాగిలు నుంచి, కుప్పం నుంచి కూడా వచ్చారట. అందులో చాలామంది చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. మొదటి భాగంలో నేను వెన్నెలకు కట్టిన చీర అది! నా పిల్ల ఒక్కతే అనుకున్నదల్లా వందమందై, ఉప్మా ప్లేట్లు పట్టుకుని నా ముందు నడుస్తుంటే గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

నన్ను స్టేజి మీద పెండ్లికూతురి కుర్చీలోనే కూర్చోబెట్టారు. వెంటనే ముందు వరసలోంచి సుగటూరు నుంచి వచ్చిన అవ్వ ఒకామె లేచి, మైకు అక్కర్లేని గొంతుతో అడిగింది: "అమ్మణ్ణీ, నా మనవరాలు చదివి వినిపిస్తే నేను వింటాను. ఆయప్ప ఆయమ్మ చెయ్యి పట్టుకుంటానే కరెంటు పోతాది. ప్రతిసారీ పోతాది. అంత పెద్ద ఎస్టేటు ఓనరుకు ఇంట్లో ఒక యూపీఎస్ లేదా?" హాలంతా గొల్లున నవ్వింది. ఇంకొకామె, "కరెంటు పోయినాక ఏమయిందో రాయమ్మా, మాకేమీ భయం లేదు!" అని అరిచింది. పెండ్లయి పిల్లలున్నవాళ్ళు, పట్టుచీరల పెద్దవాళ్ళు, నేను చీకట్లో దాచిపెట్టినవన్నీ పట్టపగలు ఇడ్లీ సాంబారు గురించి మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడుతున్నారు. రాసిన నేను మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని చెమటతో తడిసిపోయాను.

తరువాత మంచి డైలాగు చదివే పోటీ. కె.జి.యఫ్. నుంచే వచ్చిన ఒక అక్క, ముప్పై ఏళ్ళుంటాయేమో, బొద్దుగా, చురుగ్గా, మైకు అందుకుని ఫోను చూడకుండా చెప్పింది. "ప్రపంచమంతా నిన్ను వేలెత్తి చూపినా, వెన్నెలా, నీ తప్పు పక్కన నిలబడటమే నా ఒప్పు!" చప్పట్లు. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఇట్లాంటి మాట మా ఆయన నోట్లో నుంచి ఒక్కటన్నా వచ్చింటే నేను ఈ సీరియల్ చదివేదాన్నే కాదు. ఆయనకు తెలిసిందంతా గ్యాసు, నీళ్ళు, కూరగాయలు. అదిగో, యెనక కాఫీ డ్రమ్ము కాడ నిలబడుకోనుండాడు, వచ్చింది కూడా భోజనానికే" అంది. అందరూ వెనక్కు తిరిగారు. నేనూ చూశాను.

అతను కిటికీ అన్న.

మా సాయంత్రం రైల్లో రోజూ నా ఎదురు సీట్లో, కిటికీ పక్కన కూర్చునే మనిషి. నేను అతనితో ఒక్క మాట మాట్లాడి ఎరగను. కానీ అభిరాం ముఖం కోసం నేను ఎక్కడికీ వెతుక్కుంటూ పోలేదు. కళ్ళెత్తితే ఎదురుగా ఉండేది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాయం మచ్చ, చెమటకు కాలరు లోపల మడిచి పెట్టుకునే చేతిరుమాలు, కూర్చునే ముందు మోచేత్తో కిటికీ చువ్వలు తుడిచే అలవాటు, అన్నీ తీసుకెళ్ళి కాఫీ ఎస్టేటు యజమానికి ఇచ్చేశాను. నేను తల దించుకునేలోపే ప్రెసిడెంటమ్మ మైకు లాక్కుంది. "ఏయ్, ఉండండి ఉండండి! ఆయప్పకు కూడా ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉండాదే! రుమాలు చూడండి, కాలర్లో పెట్టుకోనుండాడు! అచ్చం మన అభిరామే!" హాలంతా కేకలు, ఈలలు. నలుగురు చిలకపచ్చ చీరలు పోయి అతన్ని చేతులు పట్టి స్టేజి దగ్గరకు లాక్కొచ్చారు. పాపం, అతని చేతిలో కాఫీ లోటా అలాగే ఉంది.

అందరూ నవ్వుతున్నారు, ఒక్క ఆ అక్క తప్ప. ఆమె తన భర్త మచ్చ చూసింది, రుమాలు చూసింది, నన్ను చూసింది. నా మొహంలో ఏం కనబడిందో, నెమ్మదిగా అడిగింది. "ఏమప్పా, ఈయమ్మ నీకు తెలుసునా?"

"తెలుసు," అన్నాడు అతను అమాయకంగా. "రైల్లో ఎదురు సీటు."

నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. ఎదురు సీటు అన్న మాటలో అంత పాపం ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అక్క. ప్రెసిడెంటమ్మ దగ్గర మైకు మళ్ళీ లాక్కుని అడిగింది కాబట్టి ఆ మాట గేటు బయట చెప్పులు చూసుకునేవాడికి కూడా వినబడింది.

"ఏందే నువ్వు, ఆ పాప ఎప్పుడూ ఫోను చూసుకోనుంటాది, ఇంతవరకు తలెత్తింది లేదు..."

"తలెత్తకుండానే నీ కనుబొమ్మ చూసిందా? రుమాలు చూసిందా? చెప్పు తల్లీ, మా ఆయన్ని చూసి ఇంగా ఏమేమి రాసినావు? ఆ కరెంటు పోయేదంతా ఏంది?"

ఇంతకు ముందు నవ్విన ముఖాలే ఇప్పుడు నా వైపు రాళ్ళలా చూస్తున్నాయి. ప్రెసిడెంటమ్మ కూడా నా భుజం మీది చెయ్యి తీసేసింది. లేచి పారిపోదామనుకున్నాను, కానీ నేను పారిపోతే ఆ మనిషి సంసారం అక్కడే, కాఫీ లోటాతో సహా, మునిగిపోయేలా ఉంది. అప్పుడు నేను నా జన్మలో ఎన్నడూ చేయని పని చేశాను. అక్క చేతిలోని మైకు తీసుకున్నాను. గొంతు మాత్రం ఎవరిదో అనిపించింది.

"అక్కా, ఆయనతో నేనొక్క మాట మాట్లాడింది లేదు. ఆయన రైలెక్కితే ఫోను తీస్తాడు. గట్టిగా మాట్లాడతాడు. బోగీ అంతా వింటాది, నేనూ విన్నాను. అభిరాం మాట్లాడినవన్నీ... అవన్నీ ఆయన మీతో అన్నవే."

"నాతోనా?" అంది అక్క. "నాతో ఎప్పుడన్నాడు? 'నా రాక ఆలస్యమైనా నీ ఆకలిని నిరీక్షణగా మార్చకు' అని ఈయన నాతో అన్నాడా?"

"రైలు లేటు, నాకోసం కాచుకోవద్దు, నువ్వు తినేసెయ్యి, అంటాడు కదక్కా. అదే."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నవ్వలేదు. పరీక్ష పెడుతున్నట్టు ఇంకొకటి వేసింది. "'నీ పాదాల నొప్పి నా గుండెలో మోగుతోంది, రేపటి నుంచి ఆ బరువు నాది'?"

"కాలు నొప్పి పెట్టుకోని కొళాయి కాడికి పోవద్దు, బిందెలు నేనొచ్చి తెస్తాను అన్నాడు. మొన్న వానాకాలంలో."

అక్క భర్త వైపు తిరిగింది. అతను లోటాలోకి చూసుకుంటున్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఆమె గొంతు తగ్గించి, మైకు లేకుండా, నన్నొక్కదాన్నే అడిగింది. "ఇంతకు ముందు నేను చదివినానే... నీ తప్పు పక్కన నిలబడటమే నా ఒప్పు అని... అది?"

నేను కొంచెం తడుముకున్నాను. అది వాళ్ళ ఇంటి మాట. కానీ ఆమె కళ్ళు చూస్తే చెప్పకుండా ఉండలేకపోయాను. "అమ్మ ఏమన్నా అనిందని ఏడవొద్దు, సాంబార్లో ఉప్పు నేనే వేసినానని చెప్పేస్తానులే, అన్నాడక్కా."

"సాంబారా!" అంది అక్క.

"సాంబారా!" అంది హాలంతా.

"ఆ పొద్దు నేను కోపంలో ఫోను పెట్టేసినాను," అందామె, ఎవరితోనో కాదు, తనతోనే. ఆ మాటనే ఈ చోట కంఠతా పట్టి చెప్పి కళ్ళు తుడుచుకున్నది తనేనని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. స్టేజి మెట్ల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఏడ్చింది కూడా. "యోవ్, అట్ల చెప్పితే నాకెట్ల తెలుస్తాదప్పా? కొంచెం ఆగి, మెల్లగా చెప్పాల కదా!" అతను లోటా కింద పెట్టి, ఏమనాలో తెలియక, "తిన్నావా నువ్వు?" అన్నాడు. ఆ అరుపులు, ఆ చప్పట్లు నేను మళ్ళీ ఏ సభలోనూ వినలేదు. సుగటూరు అవ్వ మాత్రం వదల్లేదు. "సరేనమ్మణ్ణీ, ఆ కరెంటు సంగతి చెప్పు."

"టేకల్ స్టేషన్ దాటితే ఆయన ఫోనుకు సిగ్నల్ పోతాదవ్వా," అన్నాను.

ఆ తరువాత రైల్లో నా బతుకు కష్టమైంది. ఎలా పాకిందో గానీ బోగీ అంతటికీ సంగతి తెలిసిపోయి, నేను ఎక్కగానే ఫోను మాట్లాడేవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. కిటికీ అన్న మాత్రం సీటు మారలేదు. నన్ను చూసి తల ఊపి, ఫోను పట్టుకుని తలుపు దగ్గరకు పోయేవాడు. కొన్ని వారాలకు ఆ అక్కే నాకు ఫోన్ చేసింది. "చెల్లీ, నీకు పుణ్యముంటాది, ఈయనకు ఒక మాట చెప్పు. నీ సీరియల్ మొదటి నుంచి చదువుతా ఉండాడు. గ్యాసు వచ్చిందా అని అడగల్లంటే 'నీ వంటింటి జ్వాల వెలిగిందా' అంటాడు. మా అత్త భయపడి బకెట్టు నీళ్ళు తెచ్చింది. నాకు పాత మాటలే మంచిగుండాయి, అట్లనే మాట్లాడమని చెప్పు." మరుసటి రోజు రైల్లో, మొదటిసారి, అతనితో మాట్లాడాను. అతను సిగ్గుపడి సరేనన్నాడు.

ఆ ఇరవై మూడేళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అతని మీద నాకు ప్రేమ అని ఆ రోజు హాల్లో కొందరు అనుకున్నారు, చాలాకాలం నేను కూడా అనుకున్నాను. నాకు కావలసింది అతను కాదు, ఫోనుకు అవతలి వైపు ఆ అక్క ఉన్న చోటు. అప్పట్లో తిన్నావా అని అడగడానికి నాకు మా అమ్మ తప్ప ఎవరూ ఫోన్ చేసేవాళ్ళు కాదు. అందుకేనేమో, ఎదురు సీటులోంచి వినబడిన ఆ ఒక్క మాటకు, పిచ్చిపిల్ల, తన దగ్గరున్న మాటల నగలన్నీ పెట్టేసింది.