సెల్లులో సవతి

బారిడీహ్‌లోని ఉక్కు కంపెనీ క్వార్టర్లో రత్నానికి ఒక సవతి ఉంది. మొగుడి ఫోన్ ఆటలో పెరిగే నీలికప్ప అది. సోమేశ్వరరావు డ్యూటీ నుంచి వస్తూనే కాయలు కాసిన బొటనవేలితో దాని వీపు నిమురుతాడు. అది బుగ్గలు పొంగిస్తే తనూ పొంగిస్తాడు. డాక్టరు చెప్పినా అడుగు కదపని మనిషి, నడిస్తేనే అది ఎదుగుతుందని రోజూ పక్క కాలనీ సిద్ధగోరా దాకా వెళ్ళొస్తాడు. నిన్న అతను స్నానానికి వెళ్ళగానే రత్నం ఫోన్ తీసింది. కప్పను వదిలెయ్యాలా అని ఆట అడిగితే అవునని నొక్కింది. అది చెయ్యూపి చెరువులోకి దూకేసింది.

“మూడు నెల్లు పెంచినానే, ఎల్లిపోనాది,” అంటూ సోమేశ్వరరావు ఇవాళ మధ్యాహ్నం కూడా కంచం ముట్టలేదు. గెలిచాననుకున్న రత్నానికి ఆ నిండు కంచం చూసి మళ్ళీ కడుపు మండింది.

“నాను నెల్లాళ్ళు పలాసలో ఉన్నప్పుడు ఒక్క పూటైనా పస్తున్నావేటి?”