చెక్కల డాక్టరు సంతకం

మా ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా ముఖం చూడలేదు. మా నాన్న ముచ్చటపడి చేయించుకున్న భోజనాల బల్లను వేలి కణుపుతో మూడుచోట్ల తట్టి, చెవి ఆనించి, లోపల పచ్చి ఇంకా ఆరలేదని, రెండేళ్లలో పగులుతుందని చెప్పారు. మా నాన్నకు ఒళ్లు మండిపోయింది. మా పెళ్లయిన పంతొమ్మిదో నెలలో ఆ బల్ల నిలువునా పగిలింది. అప్పటినుంచి మా నాన్న అల్లుడి చేత తట్టించనిదే ఏ వస్తువునూ గడప దాటనివ్వలేదు, చివరికి పుచ్చకాయలు కూడా.

ఆయన పని గిటార్లు చేసే కార్ఖానాలో చెక్కలు ఏరడం. పలకను పైఅంచు దగ్గర రెండు వేళ్లతో పట్టి వేలాడదీస్తారు, రెండో చేత్తో తడతారు, కళ్లు మూసుకుని వింటారు. చెప్పుల చప్పుడు కూడా అడ్డమేనని బూట్లు, సాక్స్ గుమ్మం దగ్గరే విప్పేస్తారు. రోగి ఛాతీ మీద తట్టి చూసినట్టు ఉంటుందని అక్కడ అందరూ డాక్టరని పిలుస్తారు. ఇరవయ్యారేళ్లుగా నాకు చెబుతున్నది ఒకటే పాఠం. తీగ సొంతంగా చేసే చప్పుడు దోమ చేసినంత, దాన్ని మనిషికి వినిపించేది చెక్క. పైచెక్క స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టుదైతే స్వరం తేటగా లేస్తుంది, దేవదారు అయితే మెత్తగా పలుకుతుంది. వెనక చెక్క మహాగని అయితే చెప్పాల్సింది పొడిపొడిగా చెప్పి ఊరుకుంటుంది, రోజ్‌వుడ్ అయితే లోపల్లోపల మోగుతూనే ఉంటుంది. విని విని నాకు నోటికొచ్చేసింది. అదే కార్ఖానాలో గిటార్లకు గుడ్డ సంచులు కుట్టే గదిలో నేనూ పనిచేస్తాను. కానీ నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం అన్నీ ఒకేలా వినపడేవి.

ప్రతి గిటారు లోపలా, నడుమ ఉన్న గుండ్రటి రంధ్రంలోంచి కనపడేలా ఒక చీటీ అతికిస్తారు. దాని మీద కార్ఖానా పేరుంటుంది. చెక్క ఏరినవాడి పేరుండదు. దాని గురించి ఆయన ఏనాడూ నోరు తెరిచి అనలేదు గానీ, గిటారు పెట్టెలోకి వెళ్లేముందు ఆ రంధ్రంలోకి ఒకసారి తొంగిచూసేవారు.

నిరుడు ఒక పెద్ద గాయకుడు తన సంతకంతో ఒక కొత్త రకం గిటారు తీసుకురమ్మని మా యజమానిని అడిగాడు. గాయకుడు నమూనాకు ఒప్పుకున్న రోజున చీటీ మీద అతని సంతకం, దాని కింద మా ఆయన సంతకం ఉంటాయని యజమాని మాటిచ్చాడు. ఇక చూడండి, ఇంట్లో తెల్లకాగితం మిగల్లేదు. కరెంటు బిల్లు మీద సంతకం, క్యాలెండరు మీద సంతకం, మా అమ్మాయి పెళ్లి ఫోటో వెనక పద్నాలుగు సంతకాలు. చివరి గీత పక్కకు లాగాలా కిందికి లాగాలా అన్నది పది రోజులు తేలలేదు. ఈలోగా బ్యాంకువాళ్లు పిలిపించి, ఇందులో మీ సంతకం ఏదండీ అని మర్యాదగానే అడిగారు.

గాయకుడి షరతు ఒక్కటే. తన పాత గిటారు ఎలా మోగుతుందో కొత్తదీ అచ్చం అలాగే మోగాలి. దాని రికార్డింగు పంపాడు. ఎనిమిది నెలల్లో ఆరు నమూనాలు వెళ్లాయి, ఆరూ తిరిగొచ్చాయి. ఒకటి మరీ విచ్చుకుపోయిందట. ఒకటి పళ్లన్నీ కనపడేలా నవ్వుతోందట. నాలుగోదానికి ఇంకా లోకజ్ఞానం రాలేదట. మా ఆయనకు తిండి సయించలేదు. కనపడిన కర్రనల్లా తట్టారు. జ్వరంతో ఉన్న మా బావగారిని పలకరించడానికి వెళ్లి, ఆయన్ను కాస్త పక్కకు జరగమని మంచం తట్టారు. మా తోడికోడలు ఆ తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

ఏడో నమూనా సిద్ధమయ్యాక, పక్కపక్కన పెట్టి వింటానని గాయకుడే పాత గిటారుతో దిగాడు. దాని లోపల ఎవరూ వేలు పెట్టకూడదని అతని ఆజ్ఞ. కొత్త సంచికి కొలతలు కావాలని, వినడానికి ముందురోజు దాన్ని నా గదికి పంపారు. ఒళ్లో పెట్టుకుని తిరగేసి, వెలుతురుకు ఎత్తేసరికి లోపల మూలన, చెక్కకు ఆనుగా అతికించిన రెండు బద్దల మధ్య, ఎర్రగా ఏదో కనపడింది. పిల్లలను పెంచినదాన్ని, నాకు ఆ మాత్రం తెలియదా. అది చిన్నపిల్లల ఉన్ని సాక్స్. ఏళ్ల తరబడి ఆ గిటారు నోట్లో గుడ్డ కుక్కుకుని పాడుతోంది.

ఈ మాట చెబితే మా ఆయన ఎనిమిది నెలల కష్టం నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే ఏడోదీ తిరిగొస్తుంది, సంతకం గంగలో కలుస్తుంది. చేతులు ముడుచుకుని కూర్చునే మనిషిని కాను నేను. గుమ్మం దగ్గర ఆయన బూట్లోంచి ఒక సాక్స్ లాగి, ఏడో నమూనాలో అదే మూలన కుక్కేశాను. తప్పంటారా, అనుకోండి. ఆ సాయంత్రం ఆయన ఒంటి సాక్స్‌తో ఇంటికొచ్చి, ఎలుక ఎత్తుకుపోయిందన్నారు.

మర్నాడు గాయకుడు పాతది వాయించాడు, కొత్తది వాయించాడు, కళ్లు మూసుకున్నాడు. ఇదేనన్నాడు. ఈ లోతు రోజ్‌వుడ్‌కి తప్ప మరి దేనికీ రాదని కాసేపు పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మా ఆయన తప్ప. గాయకుడు చీటీ మీద సంతకం చేసి కలం ఆయన చేతికిచ్చాడు. ఆయన కలం పట్టుకునే, అలవాటు కొద్దీ, కొత్త గిటారు వీపు మీద ఒక్కసారి తట్టారు. ఆగారు. రంధ్రంలో చెయ్యి పెట్టి బూడిదరంగు సాక్స్ బయటికి లాగారు. మడమ దగ్గర నేను నీలిదారంతో వేసిన రఫ్ఫు అందరికీ కనపడింది.

"ఇది నాది," అన్నారు యజమానితో.

నావైపు వేలు చూపలేదు. అది నేను భరించలేకపోయాను. పెట్టింది నేనని, పాతదాంట్లోనూ ఒకటుందని అందరి ముందూ చెప్పేశాను. గాయకుడు తన ఆజ్ఞ తనే మరిచి, రెండు వేళ్లు పెట్టి ఎర్ర సాక్స్ లాగాడు. అది వాళ్లమ్మాయి నడక నేర్చినప్పటిదట, ఇప్పుడు ఆ అమ్మాయికే ఇద్దరు పిల్లలట. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత కొత్తదాన్ని సాక్స్ లేకుండా వాయించాడు. గదిలో ఎవరూ కదల్లేదు.

"చాలా బాగుంది. కానీ ఇది నాది కాదు," అన్నాడు, బూడిదరంగు సాక్స్‌ని తన చేత్తోనే మళ్లీ లోపల కుక్కుతూ.

యజమానికి కావలసింది అతని ఒప్పుకోలే. సంతకం పెట్టెయ్యమని మా ఆయన్ని తొందరపెట్టాడు. మా ఆయన చీటీని చాలాసేపు చూశారు. కలానికి మూతపెట్టి యజమాని జేబులో గుచ్చారు. ఆ రకం గిటారు ఇప్పుడు బాగా అమ్ముడుపోతోంది. ప్రతిదాని లోపలా ఒక ఎర్ర సాక్స్, కుట్టేది మా గదిలోనే. కొన్నవాళ్లు రోజ్‌వుడ్ మహిమ గురించి పేజీలకు పేజీలు ఉత్తరాలు రాస్తున్నారు.

ఆ రోజు సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికొస్తుంటే నాకు ఒకటే మంట, సగం ఆయన మీద, సగం నా మీద. అన్ని నెలలు నేర్చుకున్న సంతకం పెడితే ఏం పోయేదని నిలదీశాను.

"నా చెక్క నోరు నొక్కేసి, కింద నా పేరు పెట్టుకోమంటావా?" అన్నారు.

సందు చివర మలుపు తిరుగుతూ, అతను సాక్స్ తీసి వాయించినప్పుడు నేను విన్నానని చెప్పాను.

"ఏం విన్నావు?"

"ఆ గాయకుడు తీగల మీంచి చెయ్యి తీసేశాక కూడా అది ఆగలేదండీ. ఊపిరి బిగబట్టి చివరిదాకా విన్నాను. ఆగిపోయాక ఏడుపొచ్చింది."

మా ఆయన నడిరోడ్డు మీద నిలబడిపోయారు. వెనక బస్సు హారన్ కొడుతోంది. పక్కకు రమ్మని చెయ్యి పట్టి లాగినా కదల్లేదు.

"ఇంకోసారి చెప్పు," అన్నారు.

చెప్పాను.